పాప పుట్టినా రెండు తలుపుల కారునే ఉంచుకున్నాం: నా అనుభవం

మా ఇంట్లో ఉన్నది ఒకే కారు, అది ఎంజీ కామెట్. ఈ చిన్న విద్యుత్ కారు 2023లో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. మియాపూర్ నుంచి నా ఆఫీసుకు వెళ్ళిరావడానికి వీలుగా ఉంటుందని ఆ ఏడాదే కొన్నాం. దీని పొడవు 2,974 మిల్లీమీటర్లు, వెడల్పు 1,505 మిల్లీమీటర్లు. నలుగురు కూర్చోవచ్చు గానీ మనుషులు ఎక్కడానికి ఉన్నవి రెండు తలుపులే. వెనక కూర్చోవలసినవారు ఎడమవైపు ముందు సీటును మడిచి ముందుకు వంచి, ఆ సందులోంచి లోపలికి వెళ్ళాలి. ఇద్దరమే ఉన్నంతకాలం వెనక సీట్ల మీద కూరగాయల సంచులు, నా ల్యాప్‌టాప్ బ్యాగు తప్ప మరేమీ కూర్చోలేదు కనుక ఈ విషయాన్ని మేం ఏనాడూ పట్టించుకోలేదు.

నాకు ఏడో నెల వచ్చేసరికి ఇంటికి వచ్చిన ప్రతివారూ కారు సంగతి ఎత్తడం మొదలుపెట్టారు. పాప పుట్టాక దీన్ని అమ్మేసి నాలుగు తలుపుల పెద్ద కారు తీసుకోక తప్పదన్నది అందరి మాటల సారాంశం. మేమూ కాదనుకోలేదు, ధర కనుక్కున్నాం. పాత కార్ల వ్యాపారులు చెప్పిన మొత్తానికీ, మేం తీసుకోవాలనుకున్న కారు ధరకూ మధ్య ఉన్న తేడాను వాయిదాలుగా లెక్కిస్తే నెలకు పడే భారం పాపను చూసుకోవడానికి పెట్టుకోవాలనుకున్న ఆయా జీతాన్ని మించిపోయింది. పైగా నేను కొన్ని నెలలు జీతం లేని సెలవు పెట్టాలన్న ఆలోచనలో ఉన్నాను. మా కారు బ్యాటరీ 17.3 యూనిట్లది. యూనిట్‌కు 8 రూపాయలు వేసుకున్నా, ఛార్జింగులో పోయే కరెంటును కలుపుకున్నా, ఒకసారి నిండా ఎక్కించడానికి 160 రూపాయలకు మించి కాదు. బ్యాటరీకి ఎనిమిదేళ్ళ వారంటీ ఉంది. ఇవన్నీ చూసుకున్న తరువాత, అమ్మాలా వద్దా అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఈ కారులో చంటిపిల్లను క్షేమంగా కూర్చోబెట్టి తిప్పగలమా అన్న ప్రశ్నకు ముందు జవాబు వెతుక్కుందామని అనుకున్నాం.

క్షేమంగా అన్నమాట దగ్గరే ఇంట్లో మొదటి చర్చ జరిగింది. పిల్లల సీటు కొంటున్నామని చెప్పగానే అత్తయ్యగారు, "ఒళ్ళో పెట్టుకుంటే సరిపోయేదానికి సీటెందుకమ్మా? నా ఇద్దరు పిల్లల్నీ అట్లాగే తిప్పాను కదా" అన్నారు. మావారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు దేన్నైనా గుద్దుకుని సెకనులో పదో వంతు కాలంలో ఆగిపోతే, ఆరు కిలోల బిడ్డను ఒళ్ళో ఆపడానికి చేతుల మీద పడే భారం అరవై కిలోలు దాటుతుంది. ఆవిడకు ఆ లెక్క నచ్చలేదు. ఆర్టీసీలో డ్రైవరుగా పనిచేసి రిటైరైన మా మావయ్యగారు మాత్రం ఆ కాగితం వైపు చూడకుండానే, "సడన్ బ్రేకు వేస్తే బస్సులో నిలబడ్డ మనిషి ఎక్కడ పడతాడో నాకు తెలుసు, సీటు కొనండి" అన్నారు. దానితో ఆ చర్చ ముగిసింది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం పద్నాలుగేళ్ళలోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకువెళితే వెయ్యి రూపాయల జరిమానా ఉందని నేను ఆ తరువాత చెప్పాను గానీ, మా ఇంట్లో చట్టం కన్నా మావయ్యగారి మాటకే బలం ఎక్కువ.

సీటును ఎక్కడ బిగించాలన్నది రెండో ప్రశ్న. నెలల పిల్లలకు తల బరువు ఎక్కువ, మెడలో బలం తక్కువ కాబట్టి వాళ్ళ ముఖం కారు వెనక్కి తిరిగి ఉండేలా కూర్చోబెట్టాలి. అలా వెనక్కి తిరిగిన సీటును ఎయిర్‌బ్యాగు పనిచేసే ముందు సీటులో ఎప్పుడూ పెట్టకూడదు, ఎందుకంటే ఆ సంచి తెరుచుకునే వేగానికి సీటు వీపు భాగం బిడ్డ తల మీదికే వచ్చి తగులుతుంది. కనుక ముందు సీటు ఆలోచన మొదటే పోయింది. ఇక వెనక ఉన్నవి రెండే స్థానాలు. రెంటికీ సీటు వీపుకూ కూర్చునే మెత్తకూ మధ్య ఐసోఫిక్స్ కొక్కేలు, అంటే పిల్లల సీటును నేరుగా కారుకే తగిలించే కొక్కేలు ఉన్నాయి.

ఎవరైనా మొదట ఎడమవైపే అనుకుంటారు. మడిచే సీటు అటే ఉంది, తలుపు తీస్తే బిడ్డ స్థానం ఎదురుగా ఉంటుంది. ప్రసవానికి ముందే పిల్లల సామాను అమ్మే దుకాణానికి కారు తీసుకువెళ్ళి, వాళ్ళ అనుమతితో సీటును బయటి పార్కింగులోనే బిగించి చూశాం. బిగించడం తేలికగానే అయింది. అయితే ఎడమవైపు సీటు పెట్టగానే వెనక కుడివైపుకు వెళ్ళే దారి పూర్తిగా మూసుకుపోయింది. అంటే పాప పక్కన మనిషెవరూ కూర్చోవడానికి వీల్లేదు. కుడివైపు, అంటే డ్రైవరు వెనక బిగిస్తే, ఎడమ తలుపులోంచి ఒక మనిషి ఎక్కి పాప పక్కనే కూర్చోవచ్చు. మేం ఒంటరిగా ఉన్నప్పుడు కూడా ఎడమ తలుపులోంచే పాపను లోపలికి అందించవచ్చు. కారు వెడల్పు ఒకటిన్నర మీటరే కాబట్టి వెనక ఎడమ సీటు మీద మోకాలు ఆనిస్తే కుడివైపు చేయి సులువుగా అందుతుంది. పెద్ద కారులో ఈ పని ఇంత తేలిక కాదనిపించింది. మనం రోడ్డుకు ఎడమపక్కన వెళ్తాం కాబట్టి ఎడమ తలుపు ఫుట్‌పాత్ వైపు తెరుచుకుంటుంది. పాపను ఎక్కిస్తున్నంతసేపూ మన వీపు ట్రాఫిక్ వైపు ఉండదు.

కుడివైపు పెట్టడంలో ఒక చిక్కు ఉంది. వెనక్కి తిరిగిన సీటుకు పొడవునా చోటు కావాలి కనుక డ్రైవరు సీటును ముందుకు జరపాలి. నా ఎత్తు అయిదడుగుల రెండంగుళాలు, నాకు ఆ జరుపు ఏమాత్రం ఇబ్బంది కాలేదు. మావారిది ఆరడుగులు. ఆయన స్టీరింగు ముందు కూర్చుంటే మోకాళ్ళు పైకి వచ్చి, కాలు పెడలు మీది నుంచి పెడలు మీదికి స్వేచ్ఛగా కదలలేదు. అలా నడపడం ప్రమాదమని దుకాణం ముందే తేల్చుకున్నాం. ఫలితంగా, పాప ఉన్నప్పుడు కారు నడిపే అర్హత ఇంట్లో నాకూ మావయ్యగారికీ మాత్రమే మిగిలింది. ఇది చిన్న మాటగా కనిపిస్తుంది గానీ, రెండు తలుపుల కారు ఉంచుకోవాలనుకునేవారు మొట్టమొదట చూసుకోవలసింది నా దృష్టిలో ఇదే. డిక్కీ ఎంత, తలుపులెన్ని అన్నవాటి కన్నా, పిల్లల సీటు బిగించిన తరువాత దాని ముందు ఎవరు, ఎలా కూర్చోగలరన్నదే అసలు పరీక్ష.

ఏ రకం సీటు అన్నదానికి కూడా తలుపుల సంఖ్యే సమాధానం చెప్పింది. నాలుగు తలుపుల కారైతే పుట్టిన దగ్గర నుంచి నాలుగేళ్ళ వరకు పనికివచ్చే పెద్ద సీటు ఒకటి కొని ఊరుకునేవాళ్ళం. రెండు తలుపుల కారులో అంత ఇరుకు సందులో వంగి, నెలల పిల్ల చేతులను పట్టీలలోకి దూర్చడం కష్టం. అందుకే పిడి పట్టుకుని మోయగలిగే బకెట్ సీటు, కారులోనే ఉండిపోయే దాని బేసు కొన్నాం. పాపను ఇంట్లోనే మంచం మీద తీరిగ్గా అందులో పడుకోబెట్టి, పట్టీలు సరిచేసి, కారు దగ్గరికి తెచ్చి బేసులో పెడితే టక్కుమని పడుతుంది. పట్టీ బిగువు చూడటానికి దుకాణంలో చెప్పిన పద్ధతి ఇది: భుజం దగ్గర పట్టీని రెండు వేళ్ళతో గిల్లినట్టు పట్టుకుంటే మడత పడకూడదు, పడితే ఇంకా వదులుగా ఉన్నట్టు లెక్క. మందపాటి స్వెటరు వేసి పట్టీ బిగించకూడదు. చలికాలమైతే పట్టీ బిగించిన తరువాత పైన దుప్పటి కప్పాలి.

నాకు సిజేరియన్ అయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు మావయ్యగారు నడిపారు, నేను ముందు కూర్చున్నాను, అమ్మ వెనక పాప పక్కన కూర్చుంది. నాలుగు సీట్లూ నిండిపోవడంతో, అన్ని సీట్లూ వాడుకుంటే డిక్కీ అన్నది పేరుకే ఉండే ఈ కారులో సామానుకు చోటు లేక, ఫ్లాస్కులు, దుప్పట్లు, ఫైళ్ళు అన్నీ మూటగట్టుకుని మావారు బైకు మీద వెనక వచ్చారు. ఆ తరువాత డాక్టరు అనుమతి ఇచ్చేదాకా, సుమారు ఆరు వారాలపాటు నేను నడపలేదు. ముఖ్యంగా బకెట్ సీటును ఎత్తి, వంగి, పక్కకు తిప్పి లోపల పెట్టే పని కుట్లు మానని మనిషి చేయవలసింది కాదు. ఇంట్లో ఆ పని చేసే రెండో మనిషి లేనివారు, సిజేరియన్ అయ్యే అవకాశం ఉందని ముందే తెలిసినవారు, రెండు తలుపుల కారు గురించి ఇంకొకసారి ఆలోచించుకోవడమే మంచిదని నేను నిస్సంకోచంగా చెబుతాను.

మొదటి ఏడాది పాప కారు ఎక్కిన సందర్భాలలో చాలావరకు టీకాల కోసమే. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం, ఆ తరువాత తొమ్మిదో నెల, మధ్యలో జలుబులూ జ్వరాలూ. మేం వెళ్ళే పిల్లల డాక్టరు క్లినిక్ ఉన్న వీధిలో పెద్ద కార్లు నిలపడానికి చోటు దొరకదు. రెండు స్కూటర్ల మధ్య ఖాళీ ఉంటే మా కారు పడుతుంది, 4.2 మీటర్ల వ్యాసార్ధంలో తిరిగిపోతుంది. అయితే నిలపడం ఒక ఎత్తు, తలుపు తెరవడం మరొక ఎత్తు. రెండు తలుపుల కారుకు తలుపులు పొడవుగా ఉంటాయి, పాపతో ఎక్కడానికి అవి బాగా తెరుచుకోవాలి. హైదరాబాదులో ఎడమవైపు ఖాళీ కనిపిస్తే అందులోంచి బండ్లు దూసుకువస్తాయి. ఫుట్‌పాత్‌ను పూర్తిగా ఆనుకుని ఆపడం, తలుపు తీసే ముందు ఎడమ అద్దంలో చూసి ఒక్క క్షణం ఆగడం నాకు అలవాటుగా మారాయి.

అపార్టుమెంటు పార్కింగులో దీనికి సరిగ్గా వ్యతిరేకమైన సమస్య వచ్చింది. మా స్థలానికి ఎడమవైపు స్తంభం, కుడివైపు పొరుగువారి పెద్ద కారు. లోపలిదాకా పెడితే ఎడమ తలుపు స్తంభానికి తగిలి సగమే తెరుచుకుంటుంది. ఇక్కడ కారు పొట్టితనం కలిసివచ్చింది. స్థలం పొడవు పదహారు అడుగులు, కారు పొడవు పదడుగుల కన్నా తక్కువ. స్తంభం దాటేదాకా కారును ముందుకు జరిపి నిలిపినా గీత దాటదు, తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. నేలమీద సున్నంతో చిన్న గుర్తు పెట్టుకున్నాం. ఇప్పుడు మావయ్యగారు కూడా ముందు చక్రాన్ని సరిగ్గా ఆ గుర్తు మీదే ఆపుతారు.

ఒంటరిగా పాపను తీసుకువెళ్ళినప్పుడు వరుస తప్పకుండా చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ముందు కారు ఆన్ చేసి ఏసీ వేయాలి. ఈ కారులో వెనక అద్దాలు దిగవు, వెనక సీట్లకు వేరే ఏసీ రంధ్రాలూ లేవు. క్యాబిన్ చిన్నది కాబట్టి కొద్దిసేపటికే చల్లబడుతుంది గానీ, మే నెల ఎండలో నిలిపిన కారులోకి వెంటనే పాపను ఎక్కించడం కుదరదు. పట్టీల లోహపు బకిల్‌ను చేత్తో తాకి చూడాలి, అది కాలిందంటే ఏ బిడ్డా ఊరుకోదు. ఎండలో ఆపినప్పుడల్లా ఖాళీ సీటు మీద మావయ్యగారి పాత పంచె ఒకటి కప్పి ఉంచుతాం. బిడ్డ కూర్చున్నాక మాత్రం గాలి ఆడదు కనుక సీటు మీద గుడ్డ కప్పకూడదు. పాపను ఎక్కించాక మడిచిన ముందు సీటును వెనక్కి తెచ్చి, గట్టిగా పడిందో లేదో వీపు భాగాన్ని పట్టుకుని లాగి చూడాలి. డ్రైవరు వెనకే, వెనక్కి తిరిగి కూర్చున్న బిడ్డ నడిపేవారికి అసలు కనిపించదు. దాని కోసం వెనక సీటు వీపుకు కట్టుకునే తేలికపాటి అద్దం దొరుకుతుంది గానీ, నడుపుతూ అందులోకి చూడటం మొదలుపెడితే రోడ్డు మరిచిపోతామని నాకు రెండు మలుపులు తిరిగేసరికే అర్థమైంది. ఏడుపు మామూలుదైతే సాగిపోతాను, తేడాగా ఉంటే పక్కకు ఆపి దిగి చూస్తాను.

వాన పడినప్పుడు ఈ కారులో నాకు నచ్చిన సంగతి ఒకటి ఉంది. నాలుగు తలుపుల కారులో వెనక తలుపు తెరిచి బయట నిలబడి, వీపు తడుస్తుండగా పట్టీలు పెట్టాలి. ఇక్కడ పాపతో పాటు నేనూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకుని, తీరిగ్గా అన్నీ సర్ది బయటికి వస్తాను.

స్ట్రోలర్ గురించి చాలామంది అడుగుతారు. వెనక సీట్లు సగం సగంగా మడతపడతాయి కనుక, పాప పక్కన ఎవరూ కూర్చోని రోజున ఎడమ సగాన్ని మడిచి, మడతపెట్టే చిన్న స్ట్రోలర్‌ను అక్కడ పెట్టి కదలకుండా కట్టవచ్చు. అత్తయ్యగారు వచ్చే రోజున స్ట్రోలర్ ఇంట్లోనే. నిజానికి మా వీధి ఫుట్‌పాత్ మీద పది అడుగులకొక ట్రాన్స్‌ఫార్మరో, తోపుడు బండో, విరిగిన పలకో ఉంటుంది. స్ట్రోలర్ తోసే చోటు మాల్ తప్ప మరొకటి లేదు. ఛాతీకి కట్టుకునే బేబీ క్యారియర్ ఒకటి ముందు సీటు వెనక జేబులో ఉంటుంది, పనంతా దానితోనే జరుగుతుంది.

దూరప్రయాణాల విషయంలో మాత్రం మొదటి నుంచీ ఒక నిర్ణయంతో ఉన్నాం. ఊరు దాటితే ఈ కారు తీయం. మా పుట్టిల్లు విజయవాడ, ఇక్కడి నుంచి సుమారు 275 కిలోమీటర్లు. కామెట్‌కు కంపెనీ చెప్పే దూరమే 230 కిలోమీటర్లు, రోడ్డు మీద అంతకన్నా తక్కువ వస్తుంది, మా మోడల్‌కు నిండా ఛార్జింగు ఎక్కడానికి దాదాపు ఏడు గంటలు కావాలి. పసిబిడ్డతో దారిలో అన్ని గంటలు ఆగడం మాటలు కాదు. అన్నప్రాశనకు రైల్లో వెళ్ళాం. తప్పనప్పుడు డ్రైవరుతో సహా కారు అద్దెకు తీసుకుంటాం. బేసు లేకుండా మామూలు సీటు బెల్టుతో కూడా బిగించగలిగే బకెట్ సీటు ఎంచుకున్నది ఇందుకే. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. అద్దె కార్లలో చాలాసార్లు వెనక బెల్టుల బకిళ్ళు సీటు కవర్ల కింద దాగి ఉంటాయి. బుక్ చేసేటప్పుడే వెనక బెల్టులు పైకి తీసి ఉంచమని డ్రైవరుకు ఫోన్ చేసి చెప్పకపోతే, బయలుదేరే వేళకు మనిషి సగం సీటు కిందికి దూరవలసి వస్తుంది. ఎంత మంచి సీటైనా చంటిపిల్లలను అందులో ఏకధాటిగా గంటల తరబడి ఉంచకూడదు, తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి తగిలితే ఊపిరి ఇబ్బంది అవుతుంది. హైవే మీద రెండు గంటలు దాటకుండా ఆపి, పాపను బయటికి తీసి కాసేపు ఎత్తుకునేవాళ్ళం.

అయిదారు నెలలు వచ్చేసరికి బకెట్ పద్ధతి కుదరలేదు. సీటు నాలుగు కిలోలు, పాప ఏడు కిలోలు. పదకొండు కిలోల బరువును చేతులు చాచి కారు కుడివైపుకు చేర్చడం నా నడుముకు సహించలేదు. అప్పటి నుంచి బకెట్‌ను కారులోనే వదిలేసి పాపను మాత్రమే ఎత్తుకుని వెళ్ళడం మొదలుపెట్టాం. తల పైభాగం సీటు అంచుకు దగ్గరపడేసరికి, 18 కిలోల వరకు వెనక్కి తిప్పి వాడగల పెద్ద సీటుకు మారాం. నా అంచనాకు భిన్నంగా, ఈ దశ మొదటి దశ కన్నా తేలికగా ఉంది. అప్పటికి పాప మెడ నిలబడింది, ఇరుకులో ఎత్తి కూర్చోబెట్టినా భయం వేయలేదు. నడక వచ్చాక మడిచిన సీటు పక్కనుంచి తానే లోపలికి ఎక్కి, ఎడమ సీటు మీద పాకి, తన చోటికి చేరుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు నేను ఎత్తితే ఒప్పుకోదు. ఆలస్యమవుతున్న రోజున ఈ స్వతంత్రం వల్ల వచ్చే తంటా వేరే.

రెండో బిడ్డ విషయం ఇంకా అనుకోలేదు. అనుకున్న రోజున ఈ కారు ఉండదని మాత్రం మాకు స్పష్టంగా తెలుసు. రెండు సీట్లు బిగిస్తే ఎడమవైపుది దారిని మూసేస్తుంది, అత్తయ్యగారికి గానీ అమ్మకు గానీ వెనక చోటే ఉండదు. ఒక్క బిడ్డ, నగరంలోనే తిరుగుడు, పొట్టిగా ఉన్న డ్రైవరు, సాయానికి ఇంకొక మనిషి అన్న షరతులు కుదిరినంతవరకే మా లెక్క నిలబడుతుంది.

ఖాళీ అయిన బకెట్ సీటును మా పిన్నిగారి అమ్మాయికి ఇచ్చాం. ఆమెకు వచ్చే నెలలో ప్రసవం. ఎక్కడిదో తెలియని పాత సీటు కొనవద్దని, అది ఎప్పుడైనా ప్రమాదంలో దెబ్బతిన్నదీ లేనిదీ పైకి చూస్తే తెలియదని చెప్పాను. మా సీటు ఏ ప్రమాదానికీ గురికాలేదు, అడుగున ముద్రించిన గడువు ఇంకా ఉంది. వాళ్ళది నాలుగు తలుపుల కారే అయినా, వాడేముందు తలుపు కొలతలు కాకుండా డ్రైవరు వెనక సీటు బిగించి వాళ్ళాయనను స్టీరింగు ముందు కూర్చోబెట్టి చూడమన్నాను. ఆయన మావారి కన్నా పొడవు.